క్రిస్మస్ బజారుకు వెళ్లేముందు

ఆగమన కాలానికి ఇంకా నెలలు ఉండగానే మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో టూర్ ప్రకటనలు మొదలవుతాయి. ఒకప్పుడు అవన్నీ జెరూసలేము, బెత్లెహేము, గలిలయ సముద్రం అని ఉండేవి. ఇప్పుడు వాటి పక్కనే ‘యూరప్ క్రిస్మస్ మార్కెట్లు’ అన్న మాట కూడా వచ్చి చేరింది. మంచు పడుతున్న బజారు, వరుసగా చెక్క దుకాణాలు, వాటి నడుమ పెద్ద క్రిస్మస్ చెట్టు, వెనక గుడి గోపురం. చిన్నప్పటి నుంచి గ్రీటింగ్ కార్డుల మీద చూసిన బొమ్మే అది. డబ్బు కట్టి ఆ బొమ్మలోకి నడిచి వెళ్లవచ్చంటే ఎవరికి మాత్రం ఆశ కలగదు? పిల్లలు జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో చదువుకుంటున్న తల్లిదండ్రులకైతే ఆ ఆశకు ఇంకో కారణం కూడా ఉంది.

వెళ్లవద్దని చెప్పడానికి ఈ మాటలు రాయడం లేదు. అయితే ఆ ప్రకటనల్లో కొన్ని ఈ ప్రయాణాన్ని ‘యాత్ర’ అంటున్నాయి. ఆ మాట దగ్గర కొంచెం ఆగి చూడాలి.

బెత్లెహేములో 2023లోనూ 2024లోనూ బహిరంగ క్రిస్మస్ వేడుకలు జరగలేదు. గాజాలో యుద్ధం నడుస్తుండగా అక్కడి సంఘాల పెద్దలే వేడుకలు వద్దనుకున్నారు. పశువుల తొట్టి పేరు పెట్టుకున్న ఆ కూడలిలో మళ్లీ చెట్టుకు దీపాలు వెలిగింది 2025 డిసెంబరులో. యాత్రికులు లేక ఆ రెండేళ్లూ ఒలీవ చెక్కతో బొమ్మలు చెక్కే కుటుంబాలు, చిన్న హోటళ్లవారు ఎంత నలిగిపోయారో ఊహించవచ్చు. ప్రభువు పుట్టిన ఊరు చీకట్లో ఉండగా మన టూర్ బస్సులు దీపాలున్న వైపు తిరిగాయని ఎవరైనా అంటే, ఆ మాట కటువుగానే ఉంటుంది కాని పూర్తిగా అబద్ధమని కొట్టివేయలేము. క్రిస్మస్ బజారు చూడముచ్చటైన సంగతే. కాని అది పరిశుద్ధ స్థలం కాదు. అది మొదటి నుంచీ బజారే. ఆ బజారు వెనక ఏముందో తెలుసుకుని వెళితే చూసేది ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఉదాహరణకు న్యూరెంబర్గ్‌నే తీసుకుందాం. జర్మనీలో ఇలాంటి బజార్లు మూడు వేలకు అటూ ఇటూగా ఉంటాయి. వాటిలో దీనికంటే పాతవి ఉన్నాయి. డ్రెస్‌డెన్ బజారు 1434 నాటిది. క్రిస్మస్ ముందురోజు ఒక్కరోజు సంత పెట్టుకోవడానికి అక్కడి పాలకుడు ఇచ్చిన అనుమతితో అది మొదలైంది. (ఆ ఊరి స్టోలెన్ రొట్టె మన క్రిస్మస్ కేకుకు దూరపు చుట్టం లాంటిది. అడ్వెంట్ ఉపవాస కాలంలో అందులో వెన్న వేయకూడదని నిషేధం ఉండేది. 1491లో పోపు ఆ నిషేధాన్ని సడలించాడు, అదీ గుడి కట్టడానికి సొమ్ము చెల్లించే షరతు మీద. లూథర్ అప్పటికి ఎనిమిదేళ్ల పిల్లవాడు.) న్యూరెంబర్గ్ బజారుకు దొరికిన మొదటి రాతపూర్వక ఆధారం 1628 నాటిది, ఒక చిన్న చెక్కపెట్టె మీద రాసిన మాటల్లో ఉంది. అయినా ప్రపంచమంతటికీ తెలిసిన పేరు మాత్రం న్యూరెంబర్గే. ఏటా సుమారు 20 లక్షల మంది అక్కడికి వస్తారు. ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పిన దాదాపు 180 చెక్క దుకాణాలు ఊరి నడిబొడ్డున ఉన్న హౌప్ట్‌మార్క్ట్ అనే చౌకులో నిలబడతాయి. ప్లాస్టిక్ దండలు వేలాడదీయకూడదు, రికార్డు పాటలు పెట్టకూడదు అని నగరపాలక సంస్థ నియమాలు పెట్టింది. మన పండుగ బజార్లలో మైకుల హోరు తెలిసినవారికి ఆ రెండో నియమం ఒక్కటే చాలు, విమానం టిక్కెట్టు కొనడానికి!

ఆ బజారును తెరిచేది ‘క్రిస్ట్‌కిండ్’. క్రీస్తు శిశువు అని అర్థం. దీని వెనక దిద్దుబాటు ఉద్యమ చరిత్ర ఉంది. పూర్వం పిల్లలకు బహుమానాలు దొరికేది డిసెంబరు 6న, సెయింట్ నికొలస్ పండుగ రోజున. పరిశుద్ధుల మీద ఆధారపడటం తగ్గాలని, పిల్లల కళ్లు క్రీస్తు వైపు తిరగాలని లూథర్, ఆయన అనుచరులు బహుమానాలిచ్చే వంతును ‘పరిశుద్ధ క్రీస్తు’కు మార్చారు. 1525లోనే దిద్దుబాటును స్వీకరించిన న్యూరెంబర్గ్‌లో ఆ అలవాటు పాతుకుపోయింది. స్ట్రాస్‌బర్గ్‌లో కూడా నికొలస్ సంతను ఎత్తివేసి 1570లో క్రీస్తు శిశువు పేరున సంత పెట్టారు. తరవాత కాలం చేసిన తమాషా ఏమిటంటే, లూథరన్లు ఎక్కువగా ఉన్న ఉత్తర జర్మనీలో ఇప్పుడు బహుమానాలు తెచ్చేది తెల్లగడ్డం క్రిస్మస్ తాత. క్రీస్తు శిశువు మాత్రం కథోలిక బవేరియాలో, ఆస్ట్రియాలో నిలిచిపోయింది. అదీ మగశిశువుగా కాదు, బంగారు కిరీటం, ఉంగరాల జుట్టు ఉన్న ఆడపిల్ల రూపంలో. న్యూరెంబర్గ్‌లో రెండేళ్లకొకసారి 16 నుంచి 19 ఏళ్ల మధ్య ఉన్న ఒక అమ్మాయిని ఆ పాత్రకు ఎన్నుకుంటారు. ఎత్తు కనీసం 160 సెంటీమీటర్లు ఉండాలి, ఎత్తైన చోట నిలబడటానికి భయపడకూడదు. ఎందుకంటే ఆమె గుడి ముఖద్వారం పైనున్న మాడుగు మీద నిలబడి జనానికి ఆహ్వానం పలకాలి. ఆ తరవాత నాలుగు వారాలు ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు తిరుగుతుంది. ఫొటోలు తీసేవారికి ఆ సంగతి తెలియదు గాని, ఆమె పనిలో ఎక్కువ భాగం అక్కడే.

2019లో ఎన్నికైన క్రిస్ట్‌కిండ్ పేరు బెనిగ్నా మున్సీ. వయసు 17. ఆమె తండ్రి భారతదేశంలో పుట్టినవాడు. ఎన్నిక ప్రకటించగానే మ్యూనిక్ ప్రాంతపు ఏఎఫ్‌డీ పార్టీ శాఖ ఆమె ఫొటో పెట్టి, అమెరికాలో ఆదివాసులకు పట్టిన గతే రేపు జర్మన్లకూ పడుతుందన్న అర్థంలో ఒక పోస్టు రాసింది. ఊరు ఊరంతా ఆ పిల్ల పక్షాన నిలిచింది. పార్టీవారు ఆ పోస్టును తీసివేసి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ‘క్రైస్తవ యూరప్‌ను కాపాడుతాం’ అన్న నినాదంతో ముందుకు వస్తున్నవారిని మనవారిలో కొందరు అభిమానంగా చూస్తున్నారు. అలాంటివారు ఈ సంఘటనను గుర్తుపెట్టుకోవాలి. వారి లెక్కలో ఆ పిల్ల బాప్తిస్మం కంటే తండ్రి పుట్టిన దేశమే పెద్దది. క్రీస్తు శిశువు వేషం వేసుకున్నా మన రంగు పిల్లను వారు ఒప్పుకోలేదు. టూరిస్టుగా వెళ్లిన మనల్ని మాత్రం ఒప్పుకుంటారా?

ఆ చౌకు కింద ఇంకా పాత గాయం ఒకటి ఉంది. ఇప్పుడు దుకాణాలు నిలబడే చోట 14వ శతాబ్దంలో యూదుల వాడ ఉండేది. బజారు కోసం స్థలం కావాలని నగర పెద్దలు అడిగారు, చక్రవర్తి నాలుగో చార్లెస్ అనుమతి ఇచ్చాడు. 1349 డిసెంబరు 5న, అంటే నికొలస్ పండుగకు ముందురోజు, ఆ వాడలో 562 మంది యూదులను చంపారు. సమాజ మందిరం ఉన్న చోటనే ఫ్రావెన్‌కిర్కె అనే మరియమ్మ గుడి లేచింది. ఈనాడు క్రిస్ట్‌కిండ్ నిలబడేది ఆ గుడి మాడుగు మీదనే. 1898లో చౌకు నుంచి తరలిపోయిన బజారును 1933లో మళ్లీ అక్కడికి తెచ్చింది నాజీలు. మాడుగు మీద నుంచి క్రిస్ట్‌కిండ్ పలికే ప్రారంభోత్సవాన్ని మొదలుపెట్టింది కూడా ఆ సంవత్సరమే. చౌకుకు హిట్లర్ పేరు పెట్టారు. క్రిస్మస్ మీద ప్రేమతో చేశారా? ప్రజలకు ఇష్టమైన పండుగ చేతిలో ఉంటే ప్రజలు చేతిలో ఉన్నట్టేనని వారికి తెలుసు. యుద్ధంలో పాత నగరం దాదాపు మొత్తం నేలమట్టమైంది. 1948లో బజారును తిరిగి తెరిచినప్పుడు క్రిస్ట్‌కిండ్‌కు కొత్త మాటలు రాయించారు.

ఈ సంగతులు చదివి బెంగపెట్టుకోమని కాదు. మన పండుగలను ఇతరులు తమ పనికి వాడుకోవడం కొత్త కాదనీ, అది ఎలా జరుగుతుందో చూడటానికి న్యూరెంబర్గ్ కంటే మంచి చోటు లేదనీ చెప్పడానికే. మధ్యాహ్నం 12 గంటలకు గుడి గడియారంలో బొమ్మలు తిరుగుతాయి, అందరూ తలలెత్తి చూస్తారు. మీరూ చూడండి. ఆ తరవాత తల దించి కింద ఉన్న రాళ్లను కూడా ఒక నిమిషం చూడండి.

ఇక అందరూ అడిగే ప్రశ్న: వెళ్లడం క్షేమమేనా?

2016 డిసెంబరు 19న బెర్లిన్‌లో కైసర్ విల్‌హెల్మ్ స్మారక గుడి పక్కనున్న బజారులోకి ఒకడు లారీ నడిపాడు. పన్నెండు మంది చనిపోయారు, గాయపడిన మరొకరు 2021లో కన్నుమూశారు. 2018 డిసెంబరు 11న స్ట్రాస్‌బర్గ్‌లో కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. ఈ రెండూ ఐఎస్ పేరున జరిగినవే. 2024 డిసెంబరు 20న మాగ్డెబర్గ్ బజారులోకి ఒక కారు దూసుకొచ్చి తొమ్మిదేళ్ల పిల్లవాడితో కలిపి ఆరుగురి ప్రాణాలు తీసింది. మూడు వందల మందికి పైగా గాయపడ్డారు. వారిలో ఏడుగురు భారతీయులని మన విదేశాంగ శాఖ ప్రకటించింది. కారు లోపలికి వచ్చింది ఎక్కడి నుంచో తెలుసా? చుట్టూ కాంక్రీటు దిమ్మెలు పెట్టి, అంబులెన్సులు రావడానికి వదిలిన సందులోంచి.

మాగ్డెబర్గ్ సంఘటన జరిగిన గంటల్లోనే మన గ్రూపుల్లో కూడా ‘మళ్లీ ఇస్లామిక్ తీవ్రవాదులు’ అన్న వీడియోలు తిరిగాయి. నిజానికి ఆ నడిపినవాడు సౌదీలో పుట్టి, 2006 నుంచి జర్మనీలో ఉంటున్న మానసిక వైద్యుడు. ఇస్లాంను వదిలేశానని బాహాటంగా చెప్పుకుంటూ, ఆ మతాన్ని తిడుతూ, జర్మనీ దాన్ని మోస్తోందని కోపంతో రగిలిపోయినవాడు. ఏఎఫ్‌డీ మాటలను మెచ్చుకుంటూ రాసినవాడు. 2025 నవంబరులో అతని మీద విచారణ మొదలైంది. అంటే ఫార్వర్డ్ చేసిన వారిలో చాలామంది, హంతకుడి ఆలోచననే తమకు తెలియకుండా పంచిపెట్టారు. ఆ వీడియో మన గ్రూపులో ఇంకా ఉంటే, సంఘ పెద్దలు దాన్ని తీసివేయించడం మంచిది. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ ఫోనుకు కూడా వర్తిస్తుంది.

ఆ అబద్ధానికి దెబ్బ తిన్నది ఎవరు? దాడి తరవాతి రోజుల్లో ఆ ఊళ్లో వలస వచ్చినవారి మీద దూషణలు, దాడులు పెరిగాయని అక్కడి వలసదారుల సంఘాలు చెప్పాయి. మాగ్డెబర్గ్ విశ్వవిద్యాలయంలో మన విద్యార్థులు చాలామంది ఉన్నారు. జర్మనీ మొత్తం మీద చదువుతున్న భారతీయ విద్యార్థులు 60 వేలకు దగ్గరగా ఉన్నారు, విదేశీ విద్యార్థుల్లో వారిదే మొదటి స్థానం. వారిలో తెలుగు పిల్లలు ఎందరో మన సంఘాల్లోని ఇళ్లను లెక్కపెట్టుకుంటేనే తెలుస్తుంది. బజారులో కారు కింద పడే ప్రమాదం వారికీ ఉంది, ట్రాములో చర్మం రంగు చూసి తిట్టించుకునే ప్రమాదం వారికే ఉంది. ఇక్కడ గుంటూరులోనో ఖమ్మంలోనో కూర్చుని మనం పంపే ఫార్వర్డ్ ఆ రెండో ప్రమాదానికి ఒక పుల్ల వేస్తుంది.

మాగ్డెబర్గ్‌తో మనకు ఇంకో చుట్టరికం ఉంది. అక్కడికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో హెల్మ్‌స్టెట్ అనే చిన్న ఊరు ఉంది. 1793లో ఆ ఊళ్లో పుట్టి, అమెరికా వెళ్లి, 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టినవారే ఫాదర్ హయ్యర్. ఆంధ్ర లూథరన్ సంఘ చరిత్ర ఆ రోజు నుంచే లెక్క. పేరుగాంచిన బజార్లు చూసే ప్యాకేజీల్లో హెల్మ్‌స్టెట్ ఉండదు. ఒక పూట మిగిలితే మీ అంతట మీరే రైలెక్కి చూసి రావచ్చు.

భద్రత సంగతికి తిరిగి వద్దాం. కొన్ని బజార్లు రద్దవుతున్న మాట వాస్తవం. కొలోన్ దగ్గర ఓవరాత్ అనే చిన్న పట్టణం 2025లో తన బజారును ఎత్తివేసింది. మాగ్డెబర్గ్ బజారుకు కూడా ఆ ఏడాది చివరి వారాల దాకా అనుమతి తేలలేదు, చివరికి తెరిచారు. కారణం ‘ముస్లింల ఒత్తిడి’ కాదు, ఖర్చు. లారీని ఆపగల స్తంభాలు, కాంక్రీటు దిమ్మెలు, కాపలాదారులు, కెమెరాలు, వీటన్నిటి బిల్లు ఎవరు కట్టాలి? తీవ్రవాదాన్ని అడ్డుకోవడం ప్రభుత్వం పని అని నిర్వాహకులు అంటారు. బజారు పెట్టి లాభం పొందేవారే భద్రత చూసుకోవాలని అధికారులు అంటారు. ఏదైనా జరిగితే కోర్టులో నిలబడవలసింది ఎవరన్న భయం ఇద్దరికీ ఉంది. న్యూరెంబర్గ్ వంటి పెద్ద నగరం ఆ ఖర్చును మోయగలదు. స్థానిక వ్యాపారులో, అగ్నిమాపక దళపు వాలంటీర్లో కలిసి శని ఆదివారాలు నడిపే చిన్న ఊరి బజారు మోయలేదు. ఇలాగే సాగితే డబ్బున్న నగరాల బజార్లు మిగులుతాయి, ఊరివాళ్లు ఊరివాళ్ల కోసం పెట్టుకునేవి పోతాయి. పర్యాటకులకు పెద్ద తేడా కనబడకపోవచ్చు. అక్కడి మనుషులకు మాత్రం అసలు పోయేది అదే.

డిసెంబరులో కరోల్స్ బృందం కొన్ని వీధుల్లోకి వెళ్లాలంటే ముందుగా పోలీస్ స్టేషన్లో చెప్పి వెళ్లే పరిస్థితి మన దేశంలోనూ ఉంది. క్రిస్మస్ ఆరాధన వేళ గుడి గేటు దగ్గర పోలీసు నిలబడటం మనకు తెలిసిన దృశ్యమే. కాబట్టి ఆ దిమ్మెలను చూసి మనం ఆశ్చర్యపోనక్కరలేదు. బెర్లిన్ స్మారక గుడి మెట్ల మీద చనిపోయినవారి పేర్లు చెక్కి, నేల మీదుగా బంగారు రంగు లోహంతో ఒక పగులు గీత వేశారు. ఏటా ఆ గీత పక్కనే మళ్లీ బజారు పెడతారు. ఆగిపోలేదు, మరిచిపోనూ లేదు. కోట్ల మంది వెళ్లి వచ్చే చోట్లలో ఇలాంటి సంఘటనలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి కనుక, భయపడి మానుకోవలసిన ప్రయాణం కాదన్నదే మా అభిప్రాయం. పెద్ద గుంపు లేని వేళ వెళ్లండి, బయటికి పోయే దారులు ముందే చూసుకోండి, విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో పిల్లలతో చెప్పి ఉంచండి.

బజారులో అంత జనం ఉంటే గుళ్లు కూడా అలాగే నిండి ఉంటాయని మీరు అనుకుంటే, అది నిజం కాదు. 2024లో జర్మనీలో కథోలిక సంఘాన్ని సుమారు 3.2 లక్షల మంది, ప్రొటెస్టెంట్ సంఘాలను సుమారు 3.45 లక్షల మంది వదిలిపెట్టారు. ఎనిమిది కోట్లకు పైబడిన జనాభాలో ఈ రెండు సంఘాల సభ్యులు కలిసి ఇప్పుడు సగం కంటే తక్కువ. అక్కడ సభ్యత్వమంటే ఆదాయపు పన్ను మీద 8 లేదా 9 శాతం సంఘపు పన్ను. వదిలేయాలంటే ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి సంతకం పెట్టాలి. కనుక అవి ఊరికే ఆదివారం మానుకున్నవారి లెక్కలు కావు.

బజారుకూ సంఘానికీ మధ్య చిన్న పేచీ కూడా నడుస్తోంది. ఆగమన కాలానికి ముందు వచ్చే ఆదివారం జర్మన్ ప్రొటెస్టెంట్లకు మృతుల జ్ఞాపక దినం. 1816లో ప్రష్యా రాజు నియమించినది. ఆ ఏడాది చనిపోయినవారి పేర్లు గుడిలో చదువుతారు, సమాధుల దగ్గరికి వెళతారు. మన సమాధుల పండుగ లాంటిదే అనుకోండి. ఆ ఆదివారం దాటేదాకా బజార్లు తెరవకూడదన్నది పాత మర్యాద. ఇప్పుడు చాలాచోట్ల నవంబరు మధ్యలోనే దీపాలు వెలుగుతున్నాయి, సంఘాలు అభ్యంతరం చెబుతున్నాయి, వ్యాపారం వినడం లేదు. దుఃఖానికి ఒక్క ఆదివారం కూడా మిగల్చని పండుగ పండుగేనా అని వారు అడుగుతున్నారు. నవంబరు చివరి నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలుపెట్టి, డిసెంబరు 25 వచ్చేసరికి కేకు, బిర్యానీ చూస్తేనే మొహం మొత్తే మనం ఈ విషయంలో ఎవరి పక్షాన మాట్లాడాలో కాస్త ఆలోచించాలి.

న్యూరెంబర్గ్ ఇంతవరకు ఆ మర్యాదను నిలబెట్టుకుంది. మొదటి ఆగమన ఆదివారానికి ముందు శుక్రవారం సాయంత్రమే అక్కడ బజారు తెరుస్తారు. ఆ లెక్కన 2026లో మృతుల ఆదివారం నవంబరు 22, బజారు తెరిచేది నవంబరు 27. మూసేది డిసెంబరు 24 మధ్యాహ్నం. ప్రయాణం వేసుకునేవారిలో చాలామంది పొరబడేది ఇక్కడే. క్రిస్మస్ సెలవుల్లో పోదామని డిసెంబరు 23న దిగితే, మరునాడు మధ్యాహ్నానికి దుకాణాల తలుపులు దిగిపోతాయి. 25, 26 రెండు రోజులూ సెలవే, వీధులన్నీ ఖాళీ. అక్కడ బజారు క్రిస్మస్ కోసం కాదు, క్రిస్మస్ కోసం ఎదురుచూసే వారాల కోసం. మనవారికి ఇది ఒక విధంగా మేలు. డిసెంబరు మొదటి రెండు వారాల్లో వెళ్లి వస్తే టిక్కెట్లు కొంత అందుబాటులో ఉంటాయి, మన సంఘంలో క్రిస్మస్ ఆరాధనకూ ఉండవచ్చు. కరోల్స్‌కు హార్మోనియం వాయించేవారు, సండే స్కూలు నాటిక నడిపేవారు డిసెంబరు 25న న్యూరెంబర్గ్‌లో ఉంటే ఇక్కడ ఎవరు చేస్తారు?

వీసా విషయంలో తొందర అవసరం. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. ఆ 15 రోజుల మాట నమ్ముకోవద్దు, నవంబరులో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. జీతం చీటీ లేని స్వతంత్ర సేవకులు బ్యాంకు లావాదేవీలు, సంఘం ఇచ్చిన ఉత్తరం, తిరిగి వస్తారని నమ్మించే ఆధారాలు జాగ్రత్తగా సమకూర్చుకోవాలి. ‘వీసా గ్యారంటీ’ అనే ఏజెంటు దగ్గర నుంచి లేచి వచ్చేయండి, ఆ గ్యారంటీ ఇవ్వగలవాడు ఎవడూ లేడు. ఇప్పుడు షెంగెన్ సరిహద్దులో పాస్‌పోర్టు మీద ముద్ర వేయడానికి బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకుంటున్నారు. కనుక దిగిన వెంటనే రైలు పట్టుకోవాలని లెక్కలు వేసుకోవద్దు. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది, అక్కడి నుంచి న్యూరెంబర్గ్ రైలులో రెండు గంటల పైచిలుకు.

ఎనిమిది రోజుల్లో ఆరు నగరాలు చూపిస్తామనే ప్యాకేజీ కంటే ఒకే ఊళ్లో నాలుగు రాత్రులు ఉండటం మంచిది. బస్సు దిగి గంటసేపు ఫొటోలు తీసి మళ్లీ బస్సెక్కితే ఆరు ఊళ్లూ ఒకేలా కనబడతాయి. శని, ఆదివారాలు సాయంత్రం అడుగు తీసి అడుగు వేయలేరు, సోమవారం నుంచి గురువారం లోపు పగటిపూట వెళ్లండి. సాయంత్రం నాలుగుంబావుకే సూర్యుడు దిగిపోతాడు, చలి సున్నా దగ్గర ఉంటుంది. తలకు, చెవులకు ఉన్ని, కాళ్లకు మందపాటి అడుగున్న బూట్లు ఉంటే చాలు. ఆ ఊరి వేలెడంత సాసేజీలు రొట్టెలో మూడేసి పెట్టి ఇస్తారు, అవి పంది మాంసంవి. అల్లం, దాల్చిన వాసన వచ్చే లెబ్‌కూఖెన్ రొట్టెలు నెలల తరబడి నిలవ ఉంటాయి, సంఘానికి పంచడానికి తేవచ్చు. అందరి చేతుల్లో ఆవిర్లు కక్కే కప్పుల్లో ఉండేది గ్లూవైన్, మసాలాలు వేసి వేడి చేసిన ద్రాక్షసారా. నాలుగైదు యూరోలు ఉంటుంది, కప్పుకు వేరే డిపాజిట్ కట్టాలి, కప్పు తిరిగి ఇస్తే ఆ డబ్బు ఇచ్చేస్తారు. మద్యం ముట్టనివారు కిండర్‌పున్ష్ అని అడగాలి. అది పిల్లల కోసం చేసే పండ్ల రసం, అదీ వేడిగానే ఉంటుంది. పాస్టరుగారితో కలిసి వెళ్లిన బృందాలకు ఈ ఒక్క మాట తెలిసి ఉంటే చాలా ఇబ్బంది తప్పుతుంది.

పిల్లల బజారు పక్క కూడలిలో వేరుగా ఉంటుంది. వెయ్యికి పైగా బడిపిల్లలు తాము చేసిన లాంతర్లు పట్టుకుని కోట దాకా ఊరేగింపుగా వెళ్లి క్రీస్తు జనన నాటకం చూపే సాయంత్రం ఒకటి డిసెంబరులో ఉంటుంది. ఆ తేదీ ముందే చూసుకుని దాని చుట్టూ ప్రయాణం అల్లుకోండి. మొత్తం బజారులో మాకు నచ్చే భాగం అదే.

ఆదివారం ఉదయం మాత్రం బజారుకు వెళ్లకండి. చౌకుకు నాలుగడుగుల దూరంలో ఒక వైపు సెయింట్ సెబాల్డ్, ఇంకో వైపు సెయింట్ లోరెన్స్, రెండూ లూథరన్ గుళ్లే. 1945లో బాంబులకు కూలి తిరిగి లేచినవి. ఆగమన ఆదివారపు ఆరాధన జర్మన్‌లోనే జరుగుతుంది, కాని క్రమం మన లూథరన్ సంఘస్థులకు, సీఎస్‌ఐ వారికి చాలావరకు తెలిసిందే. ఎంతసేపటికి ఏది వస్తుందో భాష రాకపోయినా తెలుస్తుంది. పాటల నంబర్లు గోడకున్న బోర్డు మీద పెడతారు, గుంటూరు వైపు పాత గుళ్లలో ఉన్నట్టే. పాటల పుస్తకం తలుపు దగ్గర దొరుకుతుంది. ముందు వరసల్లో చోటు ఉంటుంది, మొహమాటపడకుండా వెళ్లి కూర్చోండి.